చదివే వేగం

"కొత్త ఫోను డేటా అంతా రెండు నిమిషాల్లో రాసేసుకుంటుందండి. పాతది చదివి ఇవ్వడానికే నలభై నిమిషాలు," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు కొట్టు అతనిది. కౌంటరు ముందు నిలబడ్డ రోహిణి టైం చూసింది. పదిన్నర.

"జర జల్ది కాదా అన్నా? పన్నెండు లోపల అమ్మను తీసుకపోవాలె. ఆడ అందరూ ఎదురుచూస్తున్నరు."

"మెమరీ పాతకాలందండి. నెమ్మదిగానే చదువుతుంది. ఏమున్నాయి అందులో?"

"రికార్డింగులు. నాన్న ఫోటో ముందట కూసొని అమ్మ రోజూ మాట్లాడి పెట్టుకున్నది. నేను ఒక్కటి గూడ వినలే."

ఇమ్మాన్యుయేల్ రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపాడు. పాతది లాక్ పడి ఉంది.

"నంబరు చెప్పండి."

"అమ్మకే ఎరుక. లేకుంటే అమ్మ వేలు పెట్టాలె."

"నంబరు అడిగి రండి మరి."

"చెప్పదన్నా."

ఇమ్మాన్యుయేల్ నవ్వాడు. "మా ఆవిడ సారమ్మా అంతేనండి. పోయేదాకా చెప్పలేదు. ఆ ఫోను సొరుగులో మోగినట్టు ఇప్పటికీ అనిపిస్తుంది నాకు."

వేలు పెట్టే చోటు మెత్తని గుడ్డతో తుడిచి ఇచ్చాడు.

రోడ్డు పక్కన ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన తెల్ల వ్యాన్‌లోకి ఎక్కింది రోహిణి. చాలాసేపటికి దిగింది. ఫోను తెరుచుకుంది.

"మూడుసార్లు పట్టలే. వేలు చల్లగున్నది."

"ఏసీ తగ్గించమనండి."

"డ్రైవర్ వద్దంటున్నడు."

"పోనీ అమ్మగారిని లోపలికి తీసుకురండి. కాసేపు కూర్చుంటారు. టీ చెప్తాను."

రోహిణి తల అడ్డంగా ఊపింది. కేబుల్ మళ్ళీ తగిలించాక తెర మీద ఒక్కో రికార్డింగు పేరూ వచ్చి పోతోంది. పేర్లన్నీ తేదీలే. ఆమె కళ్ళు వాటి వెంటే కదిలాయి.

సగం అయ్యాక పాత ఫోను మళ్ళీ లాక్ పడింది. కాపీ ఆగిపోయింది.

అప్పుడే డ్రైవర్ మొగిలి గుమ్మంలోకి వచ్చాడు. "మేడం, పదకొండున్నర అయితున్నది. ఆడ పరేషాన్ అయితున్నరు. ఇగ పోదాం."

"ఒక్క ఐదు నిమిషాలు మొగిలన్నా," అంటూ రోహిణి ఫోను లాక్కున్నంత పని చేసింది.

"కంగారెందుకండీ?" అన్నాడు ఇమ్మాన్యుయేల్. "సగం వచ్చేశాయిగా. సాయంత్రం తీరిగ్గా రండి. అమ్మగారు ఇంకోసారి వేలు పెడితే మిగిలినవీ తీసేద్దాం."

వ్యాన్ వైపు పరుగెత్తబోతూ రోహిణి ఆగి, వెనక్కి తిరిగి అంది: "పన్నెండింటికి దహనమన్నా, సాయంత్రానికి ఆ వేలు ఉండదు."