తలుపు చప్పుడు

అమ్మా స్వరూపా,

నా కోడిగీతలను, తప్పులను మన్నించు.

మీ కాలేజీ పిల్లల దయ్యం సినిమాలో మొదటి సీను ఎలా తీయాలో మొన్న గౌలిపురాలో మా ఇంట్లో చూసుకున్నారు కదా. బయట ఎవరో తలుపు తట్టాలి, నేను భయంతో కుర్చీలోనే బిగుసుకుపోవాలి. నువ్వు తట్టిన ప్రతిసారీ నేను లేచి తలుపు తీశాను.

"ఏంది తాతా! దయ్యమొస్తే గిట్ల నవ్వుకుంట ఎదురుపోతవా? నీతోని కాదు, వేరే తాతను చూసుకుంటం" అన్నావు.

వేరే తాతను చూడకమ్మా. మా ఆవిడ పోయాక ఆ తలుపు ఎవరూ తట్టలేదు. చప్పుడు వినగానే కాళ్లు ఆగలేదు.

భయపడటం ఇప్పుడు వచ్చింది. నువ్వెళ్లాక, చప్పుడు లేని తలుపును చూస్తూ కూర్చుంటే దానంతటదే వస్తోంది.

ఈసారి లేవను. ఎప్పుడొస్తారో తొందరగా జాబు రాయి.

మీ బాబురావు తాత