పూసల లెక్క

“పూసలు అబద్ధమాడవట. ఆ ఇంటి కోడలికే ఎక్కడో కాలు జారిందట.” ఎదురింటి టైలరు భార్య అందంటూ ఈ మాట పొద్దెక్కేసరికి వీధి చివరిదాకా పాకింది.

నర్సు చెవిన పడగానే ఆమె నేరుగా ఆ ఇంటికొచ్చింది. పిల్లకీ పిల్లకీ ఎడం ఉండాలని ఆ పూసల దండ ఇచ్చింది తనే మరి.

వరండాలో కోడలి పెట్టె సర్ది ఉంది. కోడలికి చంకలో ఒకటి, కడుపులో ఒకటి. మొగుడు స్తంభానికి ఆనుకుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

“రా నర్సమ్మా, నువ్వే చెప్పు,” అంది అత్తగారు. చిన్నప్పుడే పెళ్ళయిందేమో, కోడలి పక్కన అక్కలా ఉంటుంది; గొంతు మాత్రం నలుగురు అత్తగార్లది. “తెల్లపూసలున్నన్నాళ్ళు దూరం, గోధుమరంగు పూసలొస్తే భయం లేదన్నావు. తెల్లపూసలప్పుడు మావాణ్ణి నా మంచం పక్కనే పడుకోబెట్టాను. మరి ఈ కడుపెక్కడిది?”

“ఎక్కడిదేంటత్తయ్యా, మీ అబ్బాయిదే!” అంది కోడలు.

“నోర్ముయ్! ఈ పూట బస్సుకే పుట్టింటికి పో.”

నర్సు మొగుడి వైపు తిరిగింది. “నీకూ అనుమానమేనా?”

“నాకేం తెలుసండీ! అమ్మ వెళ్ళమంటే వెళ్ళాను, ఆగమంటే ఆగాను.”

“బాగుంది నాయనా! పెళ్ళాం గదిలోకి పోవడానికి కూడా అమ్మ చెయ్యి పట్టుకోవాలన్నమాట.”

ఆ వెటకారం అతనికి ఎక్కలేదు. నిజమేనన్నట్టు తలూపాడు.

అత్తగారు బొడ్లోంచి దండ తీసి చూపించింది. “రోజూ ఈ రబ్బరు ఉంగరాన్ని నా చేత్తోనే ముందుపూస మీదికి జరుపుతాను. దీని చేతికిస్తే పిల్లకి ఆటవస్తువు చేసేస్తుంది. ఒక్కరోజు మర్చిపోయి ఉంటే ఒట్టు!”

“నెలసరి వచ్చిన రోజున ఉంగరం ఎర్రపూస మీదికి రావాలి. లెక్క అక్కణ్ణుంచే మొదలు. గుర్తుందా?”

“ఎందుకు లేదూ! అలాగే చేశాను.”

నర్సు కోడలి దగ్గరికెళ్ళింది. “నీకు వచ్చిన రోజున అత్తయ్యకి చెప్పేదానివా?”

“నన్నెవరడిగారమ్మా!”

నర్సు మెల్లగా వెనక్కి తిరిగింది. “మరి మీరు ఎర్రపూస మీదికి ఏ రోజున తెచ్చేవారు?”

ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది అత్తగారు.

“ఇంటికి పెద్దదాన్ని కదా, నాకొచ్చిన రోజునే!”