తలుపు అవతల మనిషి

ఫైర్ స్టేషన్‌లో ఆ రాత్రి ఫోన్ల దగ్గర ఆమె ఒక్కతే ఉంది. మంటల్లో పోయిన సిబ్బంది ఫొటోలను మర్నాటి సంస్మరణకు తుడుస్తోంది. వాటిలో నాన్నది కూడా ఉంది. పొగలో పైకెక్కి ఆయన మరి దిగిరాలేదు.

ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి దగ్గుతోంది. "మెట్లనిండా పొగండీ. ఇంట్లో పాప, నేను మాత్రమే ఉన్నాం."

ఆమె అడ్రసు అడిగి, బండిని బయల్దేరమంది. "మావాళ్ళు బయల్దేరుతున్నారమ్మా. తలుపు తీయకండి. కింద సందులో తడిగుడ్డ కుక్కండి."

"మీవాళ్ళు వచ్చేశారుగా. ఒకాయన తలుపు తడుతున్నాడు."

బండి ఇంకా స్టేషన్ గేటే దాటలేదు.

"ఏమంటున్నాడు?"

"పైకి వెళ్దాం రమ్మంటున్నాడు. భయపడకు బుజ్జులూ అంటున్నాడు. నా పేరు అది కాదండీ."

ఆమె నాన్న ఫొటో వైపు చూసింది. తనను అలా పిలిచింది నాన్న ఒక్కడే.

"చెప్పండి, తీయనా?" పాప ఏడుపు వినిపిస్తోంది. ఆ వెనకే తలుపు మీద చప్పుడు, తొందర లేకుండా.

"వద్దు," అంది ఆమె. "ఎవరు పిలిచినా తీయకండి."

ఫోన్లో తలుపు చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి ఆమె వెనకున్న తలుపును ఎవరో మెల్లగా తట్టారు.