అనుమానాస్పద మృతి

“ఆయన కాలి మీద పాము కాటు గుర్తు మీరే కళ్లారా చూశారు కదా అన్నయ్యగారూ! మరి అనుమానాస్పద మృతి అని రాశారేంటి? అనుమానం ఎవరికండి?” పేపరు చూపిస్తూ అడిగింది రూతు.

పెనుమూడిలో ఆమె భర్త పోయి నాలుగు రోజులైంది. ఇంకో వార్త దొరుకుతుందేమోనని రేపల్లె నుంచి వచ్చిన విలేఖరి పున్నారావు ఇబ్బందిగా కదిలాడు.

“ఎవరికీ లేదమ్మా. పాము కరిచిందంటే జిల్లా పేజీలో రెండు లైన్లే వేస్తారు. అనుమానమంటే అందరూ చదువుతారు.”

“చదివారండి. మా అమ్మాయి కూడా చదివింది. పొద్దున నేను కలిపిన అన్నం ముట్టలేదు.”

“రేపే సవరణ రాస్తానమ్మా.”

ఆమె నిట్టూర్చి, “ఎండనపడి వచ్చారు, తాగండి” అంటూ మజ్జిగ గ్లాసు అందించింది.

పున్నారావు గ్లాసు నోటిదాకా తెచ్చి, ఆగి, వాసన చూశాడు.

చూశాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు. తలెత్తేసరికి రూతు అతన్నే చూస్తోంది.