సుత్తి అక్కర్లేని చీల

“మేకుల్లేవు, సుత్తితో పన్లేదు. బాగుందండీ. మరి నిలబడుతుందా?” నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాళ్లకు చెక్క పలకలు ఎంపిక చేసే అమరేశ్వరరావు, నాంపల్లి ఇంట్లో గదికి అడ్డంగా నిలిపిన నాలుగు పలకలనూ తట్టి చూశాడు.

“రెండేండ్ల సంది నిలబడ్డయి సార్,” అన్నాడు ఆ ఇంటాయన, బడిలో వడ్రంగం నేర్పే ఇంద్రసేన. “మా ఇంటామె మంచానికి చాటుగ చేసిన. గాలి కావాలంటె లోపలినుంచే ఒక్క చేత్తో ఈ చెక్క చీల గుంజేది. చేతుల్ల బలం లేకుండె.”

“ఇప్పుడెలా ఉన్నారావిడ?”

“పోయి పదకొండు నెలలాయె.”

అమరేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏమీ అనుకోకండి మాస్టారూ. ఏటా విప్పి, మళ్లీ బిగించే స్టాళ్లు. విప్పడం చూడందే ఆర్డరు రాయలేను.”

ఇంద్రసేన పలక మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“రేపు బడికాడ ఇంకోటి చేసి చూపెడ్త.”

“ఇదే చూపెట్టు నాయినా,” అంది కూతురు పద్మ.

అతను చీల గుంజాడు. పలక ఇట్టే ఊడి చేతిలోకి వచ్చింది. వెనక మంచం మీద పక్క ఇంకా పరిచే ఉంది.

“అర నిమిషం కూడా పట్టలేదు,” అంటూ అమరేశ్వరరావు కాగితం మీద రాసుకున్నాడు.

“పదకొండు నెలలు పట్టింది సార్,” అంది పద్మ, మంచం మీది దుప్పటి మడతపెడుతూ.