పథకాల చూపులు

డెబ్బై నిండినవాళ్ల ఇంటికి సర్కారు ఆరోగ్య బీమా పథకాలే మనుషుల్లా వచ్చి కూర్చునే రోజులవి. వెలుగుతో చేసిన బొమ్మలే గానీ, ఒకదాన్ని ఖాయం చేసుకుంటే ఇక జన్మంతా దానితోనే. అందుకే తెనాలిలో మాణిక్యాంబ అచ్చం పెళ్లిచూపుల హడావుడే చేసింది. సోఫాకి ఉతికిన కవర్లు తొడిగి, పళ్లెం నిండా మైసూరుపాకు పెట్టి, మూడు పథకాల్నీ వరసగా కూర్చోబెట్టింది.

"నా మోకాలు మార్పించాలి. ఎవరు చేయిస్తారు?" అని సూటిగా అడిగింది.

"దేశంలో ఏ ఆస్పత్రైనా మీదేనమ్మా!" అంది మొదటిది. తెనాలిలో ఏదని అడిగితే ఢిల్లీ ఆస్పత్రుల పేర్లు చదివింది. రెండోది మోకాలి మాటెత్తినప్పుడల్లా ఉచిత కళ్లజోళ్ల గురించి నవ్వుతూ చెప్పింది.

"నవ్వు బాగుందే, దీన్నే ఖాయం చేద్దాం" అన్నాడు భర్త పురుషోత్తం.

"మీరూరుకోండి!"

మూడోది నసగకుండా చెప్పింది. "ఆర్నెల్లు ఆగాలండీ. ఆ తర్వాత గుంటూరులో చేయిస్తాను. ఈ ఊళ్లో నాకు ఆస్పత్రి లేదు. నేనూ ఒకటి అడగొచ్చా? మీకు సుగరుందా?"

"ఉంది. తీపి మానేసి చాన్నాళ్లయిందిలే."

ఆ పథకం ఖాళీ పళ్లెం వైపు చూసింది. "మేం ముగ్గురం తినలేమండీ. బాబాయిగారు చెయ్యే చాపలేదు."

మాణిక్యాంబ మూతికంటిన పొడిని కొంగుతో తుడుచుకుంది.

"ఏమండీ, ఇదే ఖాయం. యాభయ్యేళ్ల కాపురంలో మీరెన్నడైనా ఇంత కనిపెట్టారా?"