తొమ్మిదో ఫిర్యాదు

"ఇందులో మీటరెక్కడుంది బాబాయ్?"

ఆఫీసరమ్మ కంప్యూటర్ తెరని ఆయన వైపు తిప్పింది. తెర నిండా ఒక ఇంటి వరండా ఉంది. దండెం మీద చిన్న గౌను ఆరుతోంది. గుమ్మం పక్కన రెండు జతల చెప్పులున్నాయి, అందులో ఒక జత అరచేతిలో పట్టేంత. కరెంటు మీటరు మాత్రం ఓ మూలకి నక్కి, బిక్కుబిక్కుమంటూ సగమే కనపడుతోంది.

కనపడుతోంది కదా మేడం, అదిగో ఆ మూల, అన్నాడు మీటర్ రీడరు కళ్లజోడు సర్దుకుంటూ.

ఆఫీసులో అందరూ ఆయన్ని ఫోటోల బాబాయ్ అంటారు. ఆఫీసు కెమెరా మెళ్లో వేసుకుని, రోజుకి వంద ఇళ్లు తిరిగి, మీటరు మీది అంకెలు ఫోటో తీసుకురావడం ఆయన ఉద్యోగం. పుట్టి పెరిగిన పేటే కాబట్టి ఏ కుక్క మీదికొస్తుందో, ఏ గేటు కిర్రుమంటుందో కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. తొంభైతొమ్మిది ఇళ్ల దగ్గర అంకెలు అద్దంలా వస్తాయి. ఈ ఒక్క ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆ చేతికి ఏమొస్తుందో గాని, కెమెరా దానంతటదే పక్కకి జరిగిపోతుంది.

ఆఫీసరమ్మ బాధ ఫోటో ఒక్కటే కాదు. ఆ ఇంటి నుంచి ఈ ఏడాదిలో ఇది తొమ్మిదో ఫిర్యాదు. ప్రతిసారీ అదే పాట. రీడింగు తప్పు, మనిషిని పంపి మళ్లీ చూడండి. పంపితే ఈయన వెళ్లి మళ్లీ అవే అంకెలు, మళ్లీ అదే వరండా పట్టుకొస్తాడు.

"ఒకే ఇంటి నుంచి మూడు ఫిర్యాదులొస్తే మనిషిని మార్చాలని రూలు బాబాయ్. మీ వయసు చూసి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇక నా వల్ల కాదు."

రేపట్నుంచి ఆ పేటకి వేరే మనిషి వెళ్తాడని, ఆయన ఆఫీసులోనే కూర్చుని కాగితాలు చూసుకోవచ్చని చెప్పేసింది. ఫ్యాను కింద కూర్చునే పని. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. ఈయన మొహం మాడిపోయింది.

మాడదా మరి. ఆ ఇల్లు ఆయన కూతురిది. నాలుగేళ్ల కిందట ఏదో చిన్న విషయానికి మాటా మాటా పెరిగి, నా గడప తొక్కొద్దని ఈయన, నా గేటు దాటొద్దని ఆవిడ అనేసుకున్నారు. ఆ చిన్న విషయం ఏంటని ఇప్పుడడిగితే ఇద్దరూ తడుముకుంటారు. అన్న మాట మాత్రం ఇద్దరూ తప్పలేదు. అదృష్టం బాగుండి మీటరు గేటు పక్క స్తంభానికే ఉంది. దాని పుణ్యమా అని నెలకోసారి, ఫిర్యాదొస్తే ఇంకోసారి, గేటు బయట నిలబడి వరండాలోకి చూసే వీలు ఆయనకి దొరికింది. మనవరాల్ని ఇంతవరకూ ఎత్తుకోలేదు. పిల్ల ఎదుగుతోందన్న సంగతి దండెం మీద గౌన్ల పొడవు చూసి తెలుసుకున్నాడు. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నామోషీ.

కూతురు ఫిర్యాదులెందుకు పెడుతోందో ఆయనకి తెలుసు. తనని ఆ వీధి మొహం చూడకుండా చెయ్యాలని. పంతం పట్టిందంటే ఓ పట్టాన వదిలే రకం కాదు. అది ఎవరి పోలికో ఒప్పుకోవాలంటే మాత్రం ఆయనకి నోరు రాదు. అయినా ఫిర్యాదొచ్చిన రోజున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్తాడు. వాళ్లని చూడాలని ఉంటుంది. చూడకుండా ఉండలేడు. అంతే.

అందుకే ఎన్నడూ లేనిది బతిమాలాడు. మీరే ఒక్కసారి వచ్చి చూడండి మేడం, నా రీడింగులో తప్పుంటే రేపట్నుంచి కాగితాలే చూసుకుంటాను, అన్నాడు. ఆఫీసరమ్మ కాసేపు గొణిగి, స్కూటరు తీసింది.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ ఆ గేటు దగ్గర దిగారు. ఆఫీసరమ్మ మీటరు మూత తీసి, తను తెచ్చిన యంత్రం తగిలించి, రెండుసార్లు చూసుకుంది. వెంట్రుకవాసి తేడా లేదు. గేటు తోసుకుని లోపలికి వెళ్లి ఇంటావిడని పిలిచింది.

కూతురు వరండాలోకి వచ్చింది. గేటు వైపు చూడలేదు. ఆవిడ వెనక నుంచి నాలుగు బుల్లి వేళ్లు చీర కుచ్చిళ్లు పట్టుకుని కనపడ్డాయి. ఆయన గేటు బయటే నిలబడి కెమెరా కంటికి ఆనించుకున్నాడు. ఇదే ఆఖరిసారి అయితే, ఒక్క ఫోటోలోనైనా పిల్ల మొహం పడాలని ఆయన ఆశ. పిల్లేమో తల్లి చాటు నుంచి కదలదాయె.

ఆఫీసరమ్మ కోపం ఇప్పుడు అటు తిరిగింది. మీటరులో లోపం లేదని, రీడింగులో తప్పు లేదని, తొమ్మిదిసార్లు ఒక పెద్దమనిషిని ఎండలో తిప్పించి ఏం బావుకున్నారని దులిపేసింది. కూతురు తల వంచుకుని అన్నీ పడింది.

"పోనీలెండి, మీకు ఈయనతోనే ఇబ్బందయితే ఆ గొడవా తీరిపోయింది" అంది ఆఫీసరమ్మ. "రేపట్నుంచి వేరే మనిషి వస్తాడు."

కూతురు చటుక్కున తలెత్తింది. "ఆయన్ని మార్చొద్దండీ."

"అదేంటమ్మా? రీడింగు తప్పని రాసింది మీరేగా?"

"రీడింగు ఎప్పుడూ తప్పు లేదండీ." ఆవిడ గేటు వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించింది. "నేనలా రాయకపోతే మా నాన్న నెలకి ఒక్కసారే వస్తాడు."